మురికి లేని అంకెలు

పంతులమ్మకు అనుమానం మొదలైంది ఒక సోమవారం పొద్దున, కంప్యూటర్ తెర మీద రెండు అంకెలు చూసినప్పుడు. నిజానికి వాటిని చూసి సంతోషించాలి. ఆఫీసులో మిగతా అందరూ సంతోషించారు కూడా.

ఆమె బడిలో లెక్కల టీచరుగా చాలాకాలం పనిచేసి, ఆ బడి మూతబడ్డాక ఇక్కడ చేరింది. అందుకే అందరూ పంతులమ్మ అనే పిలిచేవారు. ఆ ఆఫీసు వాళ్ళది క్వాంటమ్ కంప్యూటర్లను నడిపే సాఫ్ట్‌వేర్. యంత్రం కింది అంతస్తులో, మందపాటి తలుపు వెనక, పైకప్పు నుంచి వేలాడదీసిన పెద్ద ఉక్కు పీపాలా ఉంటుంది. సాఫ్ట్‌వేర్ కొన్నవాళ్ళు ఎక్కడో తమ ఇంట్లో కూర్చుని ప్రోగ్రాం రాసి పంపితే, ఆ పీపా లోపల అది నడిచి జవాబు తిరిగి వెళుతుంది. పంతులమ్మ పని కొత్తవాళ్ళకు పాఠం రాయడం. నిన్నటిదాకా క్వాంటమ్ అన్న మాటే వినని మనిషి కూడా, ఆమె రాసిన ట్యుటోరియల్ పొద్దున మొదలుపెడితే భోజనాల వేళకు ఒక చిన్న ప్రోగ్రాం నడిపి ఫలితం కళ్ళారా చూసుకోవాలి. అదీ ఒప్పందం.

తొలి పాఠంలో ఉన్నది చిన్న ప్రోగ్రామే. రెండు క్యూబిట్లను, అంటే ఆ యంత్రం లెక్క కట్టే అతి చిన్న ముక్కలను, జోడీ కట్టాలి. చదివేవాళ్ళకు బెదురు పోవాలని పంతులమ్మ వాటిని రెండు నాణేలు అనుకోమంది. మామూలు నాణేలు ఎగరేస్తే దేని దారి దానిది. జోడీ కట్టిన ఈ నాణేలు మాత్రం ఎప్పుడు చూసినా ఒకే మాట మీద ఉంటాయి: పడితే రెండూ బొమ్మ, లేదంటే రెండూ బొరుసు. వెయ్యిసార్లు నడిపితే ఇంచుమించు సగం అది, సగం ఇది రావాలి. అయితే అది కాగితం మీద మాట. అసలు యంత్రం దగ్గరికొచ్చేసరికి ఎక్కడో రవ్వంత వేడి, ఎక్కడో రవ్వంత అదురు తగిలి, వెయ్యిలో అరవయ్యో డెబ్బయ్యో సార్లు ఒకటి బొమ్మా ఒకటి బొరుసూ పడి తీరుతుంది. ఆఫీసులో దాన్ని ‘మురికి’ అనేవాళ్ళు.

పంతులమ్మ పాఠం మొదలుపెట్టిన నాటి నుంచీ ఆ మురికితోనే కుస్తీ పట్టింది. దాన్ని కొత్తవాళ్ళకు ఎలా చెప్పాలి? ఒక పేజీ రాస్తే మేనేజరు కొట్టేసేవాడు. ఆయన ప్రతిదానికీ ‘బ్రహ్మాండం’ అంటాడు కాబట్టి వెనకాల అందరూ ఆయన్ని బ్రహ్మాండంగారు అనేవారు. కొట్టేసేటప్పుడు కూడా ఆ మాట వదిలేవాడు కాదు.

“బ్రహ్మాండంగా రాశారు పంతులమ్మగారూ. కానీ మొదటి పేజీలోనే మన మురికి మనమే చూపించుకోవడం ఎందుకు చెప్పండి? పెళ్ళిచూపులకు వచ్చినవాళ్ళకు ముందు వంటింటి తూము చూపిస్తామా?”

ఇదిగో, ఆ సోమవారం తెర మీద కనిపించినవి: రెండూ బొమ్మ నాలుగు వందల తొంభై ఏడు, రెండూ బొరుసు ఐదు వందల మూడు. తేడా పడ్డవి సున్నా. మళ్ళీ నడిపింది. మళ్ళీ సున్నా.

బ్రహ్మాండంగారు వెనక నుంచి వంగి చూసి, “చూశారా, యంత్రానికి కూడా మీ మీద గురి కుదిరింది” అన్నాడు. అటుపక్క బల్ల దగ్గర కూర్చున్న చిట్టి తల ఎత్తకుండానే, “బాగుంది వదినా, ఇంక పాఠం పూర్తి చేసెయ్” అంది.

చిట్టి పంతులమ్మకు స్వయానా ఆడపడుచు, భర్తకు చెల్లెలు. ఆ సాఫ్ట్‌వేర్‌లో సగం ఆమె రాసిందే. బడి మూతబడి వదిన ఇంట్లో గోళ్ళు గిల్లుకుంటూ కూర్చుంటే, మాట చెప్పి ఈ ఉద్యోగం వేయించింది ఆమే.

అందరూ మెచ్చుకున్నారు. పంతులమ్మ మాత్రం ముళ్ళ మీద ఉన్నట్టు కూర్చుంది. బడిలో ఎన్ని వందల పరీక్ష పేపర్లు దిద్దిందో లెక్క లేదు. పదిమంది ఒకే తప్పు చేస్తే కాపీ కొట్టారని అందరు టీచర్లకూ తెలుస్తుంది. మొన్నటిదాకా తడబడిన పిల్లవాడు ఒక్కసారిగా ఒక్క తప్పూ లేకుండా రాస్తే, అది ఇంకా పెద్ద కాపీ అని ఆమెకు తెలుసు.

ఆ ఆఫీసులో అసలు యంత్రంతో పాటు సిమ్యులేటర్ కూడా ఉంది. అది వేరే యంత్రమేం కాదు. ‘ఏ లోపమూ లేని యంత్రమైతే ఇలా చెప్పేది’ అని మామూలు కంప్యూటర్ లెక్క కట్టి చెప్పే నకలు ప్రోగ్రాం. దానికి వేడీ లేదు, అదురూ లేదు, కాబట్టి మురికీ లేదు. ప్రోగ్రాం పంపేటప్పుడు అసలుదా నకలుదా అని ఎంచుకోవాలి. పంతులమ్మ అసలుదే ఎంచుకుంది. ఒకటికి రెండుసార్లు చూసుకుంది. తెర మీద ‘అసలు యంత్రం’ అనే ఉంది. పాఠంలో కూడా, ‘మీరిప్పుడు అసలు యంత్రంతో మాట్లాడారు’ అని కాస్త గర్వంగానే రాసుకుంది.

మధ్యాహ్నం టీ తాగే వంకతో కిందికి వెళ్ళింది. యంత్రం గది చూసుకునే పెద్దాయన్ని అందరూ స్వెటర్ బాబాయి అంటారు. చల్లదనమంతా పీపా లోపలే తప్ప గదిలో ఉండదు. అయినా ఆయన ఒంటి మీంచి స్వెటర్ దిగదు.

“బాబాయ్, యంత్రాన్ని ఈమధ్య ఏమైనా బాగుచేశారా?” అంది.

“బాగుచేయడమా? నాలుగు రోజులుగా దానికి ఒంట్లో బాగోలేదమ్మా. చల్లబరిచే పంపు మూలుగుతోంది. ఎందుకూ?”

“ఏం లేదు. జవాబులు బాగా వస్తున్నాయి.”

“ఎవరికి?” అన్నాడాయన, కప్పు పెదాల దాకా తెచ్చి ఆపి.

ఆ ప్రశ్న ఆమె వెంట మెట్లెక్కింది. ఎవరికి? ఆ రోజు నుంచి పంతులమ్మ కళ్ళు మారిపోయాయి. నలుగురు మాట్లాడుకుంటుంటే తను రాగానే ఆపారనిపించేది. బ్రహ్మాండంగారు ఫోను పట్టుకుని గది బయటికి వెళితే, ఎందుకు వెళ్ళాడా అనిపించేది. త్వరలో ఎవరో పెద్దలు సాఫ్ట్‌వేర్ చూడడానికి వస్తున్నారట. వాళ్ళకు ఈ పాఠమే చూపిస్తారట. అంటే, లోపలున్న యంత్రం మూలుగుతుంటే దాని పేరు పెట్టి నకలు జవాబులు అమ్ముతున్నారా? ఆ అబద్ధానికి తన చేత సంతకం పెట్టిస్తున్నారా? నేతి బీరకాయలో నెయ్యి ఎంతో, ఈ క్వాంటమ్‌లో క్వాంటమ్ అంతేనా?

చిట్టి సంగతి మరీ వింతగా ఉంది. ఇదివరకు వదిన పక్కకు వస్తే కుర్చీ లాగి కూర్చోమనేది. ఇప్పుడు ల్యాప్‌టాప్ మూత సగం దించి, “ఏంటి వదినా?” అంటోంది.

ఇంట్లో అన్నం వడ్డిస్తూ భర్తను అడిగింది. ఆయన లిఫ్టులు బాగుచేసే పని చేస్తాడు. ఏ యంత్రమైనా పనిచేస్తున్నంతసేపు దాని జోలికి పోకూడదన్నది ఆయన సిద్ధాంతం.

“మీ చెల్లెలికి తెలియకుండా ఆ ఆఫీసులో ఇలాంటివి జరుగుతాయంటారా?”

“చిట్టికి తెలియకుండా అక్కడ దోమ కూడా వాలదు” అన్నాడాయన గర్వంగా. ఆ మాట ఎటు పోతుందో అప్పుడు తట్టి, “దాన్ని అనుమానిస్తున్నావా ఏంటి? అది పెట్టిన కూడు తింటూ...” అని మధ్యలో మింగేశాడు.

పంతులమ్మ గరిటె గిన్నెలో పెట్టేసి లోపలికి వెళ్ళింది.

గురువారం యంత్రం గది తలుపుకు ‘మరమ్మతు, యంత్రం ఆపబడినది’ అని అట్ట వేలాడుతోంది. తలుపు ఓరగా తీసి ఉంది. పంతులమ్మ తొంగి చూసింది. ఉక్కు పీపా అడుగుమూత ఊడదీసి గోడకు చేరవేశారు. లోపలి బంగారు రంగు పళ్ళేలూ సన్నటి తీగలూ బయటికి కనిపిస్తున్నాయి. స్వెటర్ బాబాయి చేతులకు తొడుగులేసుకుని నిచ్చెన మీద ఉన్నాడు.

“ఇప్పుడిది పనిచేయదు కదా బాబాయ్?”

“పేగులు బయటపెట్టుకుని ఎవరు పనిచేస్తారమ్మా? మళ్ళీ చల్లబడాలంటేనే వచ్చేవారం అవుతుంది.”

ఆమె పైకి వచ్చి కూర్చుంది. పక్కన ఎవరూ చూడడం లేదని చూసుకుని, తొలి పాఠం ప్రోగ్రాం తెరిచి, అసలు యంత్రం అని ఎంచుకుని, పంపింది. యంత్రం ఆపి ఉందన్న మాటైనా రావాలి, లేదా ఏమీ రాకూడదు.

జవాబు వచ్చింది. ఐదు వందల పదకొండు, నాలుగు వందల ఎనభై తొమ్మిది. మురికి సున్నా.

లేచి అందరి ముందూ అడిగేద్దామనుకుంది. కానీ ఎవరిని? వీళ్ళలో ఎవరు దొంగో తెలియకుండా నోరు జారితే, ఉద్యోగం పోతే పోయింది, నిజం కూడా దాక్కుంటుంది. బడిలో కాపీ పట్టుకున్నప్పుడు కూడా ఆమె వెంటనే అరిచేది కాదు. బెంచీల మధ్య తిరుగుతూ ఉండేది. ఇప్పుడూ అలాగే పెదవి బిగపట్టి ఊరుకుంది.

తరవాతి వారం, యంత్రం మళ్ళీ నడవడం మొదలయ్యాక, పాఠాన్ని ముగ్గురు బయటివాళ్ళకు ఇచ్చారు. ముగ్గురూ ఈ విద్యతో ముఖపరిచయం కూడా లేనివాళ్ళు: ఒక కాలేజీ అమ్మాయి, ఒక ఫోటోగ్రాఫర్, మందుల షాపు నడిపే ఒకావిడ. చేసి చూసి ఎలా ఉందో చెప్పమని తరవాత మీటింగ్‌కు పిలిచారు. బల్ల చుట్టూ బ్రహ్మాండంగారు, చిట్టి, పంతులమ్మ, ఆ ముగ్గురూ.

కాలేజీ అమ్మాయి తన ఫలితం చూపించింది. వెయ్యిలో డెబ్బై ఒకటి మురికి. ఫోటోగ్రాఫర్‌కు ఎనభై. బ్రహ్మాండంగారు పాఠంలోని అంకెలూ ఈ అంకెలూ పక్కపక్కన పెట్టి చూస్తున్నాడు. ‘బ్రహ్మాండం’ అన్న మాట ఆయన నోట్లోంచి రాకపోవడం అదే మొదటిసారి.

మందుల షాపు ఆవిడ వంతు వచ్చింది. ఆవిడ చేతిసంచి ఒళ్ళో పెట్టుకుని మెల్లగా చెప్పింది. “నాకూ పాఠంలో ఉన్నట్టు రాలేదండీ. నేనే ఎక్కడో అక్షరం తప్పు కొట్టాననుకుని మళ్ళీ మొదటి నుంచీ చేశాను. మా ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకుని ఒక్కో వరసా చదివించుకున్నాను. అయినా ఆ తేడా పోలేదు. చివరికి, ఇది మనలాంటివాళ్ళ బుర్రకెక్కేది కాదులే అని మూసేశాను. మీ టైము వృథా చేశాను, ఏమనుకోకండి.”

పంతులమ్మకు ఎవరో చెంప మీద కొట్టినట్టయింది. ఇన్నాళ్ళూ ఎవరు మోసం చేస్తున్నారని చూసిందే కానీ, ఎవరు మోసపోతారని ఆలోచించలేదు.

“పంతులమ్మగారూ” అన్నాడు బ్రహ్మాండంగారు. గొంతు ఎప్పటిలా లేదు. “పాఠంలో వేసిన అంకెలు మీరు నడిపితే వచ్చినవేనా, లేకపోతే...”

మిగతాది అనకపోయినా అర్థమైంది. ఇన్నాళ్ళూ తను అందరినీ చూసిన చూపుతో ఇప్పుడు అందరూ తనను చూస్తున్నారు.

“నేను నడిపితే వచ్చినవే. కానీ మన యంత్రంలోంచి వచ్చినవి కావు. మరమ్మతు రోజున, పీపా మూత తీసి ఉండగా పంపి చూశాను. అప్పుడు కూడా జవాబు వచ్చింది.”

“ఆ రోజే ఎందుకు చెప్పలేదు?”

“మీరే చేయిస్తున్నారనుకున్నాను” అంది పంతులమ్మ.

ఫోటోగ్రాఫర్ కిటికీలోంచి బయటికి చూశాడు. బ్రహ్మాండంగారి మొహం ఎర్రబడి, మళ్ళీ మామూలైంది. ఆయనకు నిజంగానే ఏమీ తెలియదని ఆ మొహం చెబుతోంది. పంతులమ్మ మెల్లగా తల తిప్పి చిట్టి వైపు చూసింది. చిట్టి బల్ల మీద లేని మరకను వేలితో రుద్దుతోంది.

“రేపటిదాకా టైమివ్వండి. ఏం జరిగిందో చెబుతాను” అంది పంతులమ్మ.

మెట్ల మీద చిట్టిని ఆపింది. కింద నుంచి పంపు చప్పుడు సన్నగా వినిపిస్తోంది.

“అందరికీ మురికి వస్తోంది, నాకు తప్ప. నా అకౌంటు ఒక్కటే నకలుకు మళ్ళించావు కదూ?”

చిట్టి గోడకు ఆనుకుంది. “నిన్ను తీసేద్దామనుకుంటున్నారు వదినా. బ్రహ్మాండంగారు అంటుంటే విన్నాను. ఎన్నిసార్లు రాసినా ఆవిడ ఆ తప్పులు పట్టుకునే వేలాడుతోంది, కొత్తవాళ్ళు బెదిరిపోతారు, వేరేవాళ్ళను చూద్దాం అని. నిన్ను తెచ్చింది నేను. అంకెలు శుభ్రంగా వస్తే నువ్వు ఆ గొడవ వదిలేసి పాఠం పూర్తి చేస్తావని... పూర్తయ్యాక ఆ మళ్ళింపు తీసేద్దామనే అనుకున్నాను. యంత్రం ఆగిన రోజు కూడా నువ్వు పంపుతావని నాకేం తెలుసు?”

“నా ఉద్యోగం కోసమా, నీ మాట పోతుందనా?”

“రెండూ” అంది చిట్టి. “అన్నయ్య కూడా రోజూ ఫోన్ చేసి, మీ వదిన ఎలా చేస్తోందని అడుగుతాడు. బాగా చేస్తోందని చెప్పాలనిపించింది.”

పంతులమ్మకు కోపం అరికాలి నుంచి నెత్తికెక్కింది. దాని వెనకే ఏడుపు వచ్చింది. రెండిటినీ దిగమింగింది. “అంటే నేను బాగా చేయడం లేదని నువ్వూ అనుకున్నావు. నాకు తెలియకుండా నా చేతికి చీటీ అందించావు చిట్టీ. పరీక్షలో చీటీ అందించినవాడు స్నేహం కోసమే అందిస్తాడు. దొరికేది మాత్రం రాసినవాడు.”

“నేను ఇప్పుడే వెళ్ళి మార్చేస్తాను. సిస్టమ్‌లో ఏదో పొరపాటని చెబుదాం. ఎవరికీ తెలియదు.”

“ఆ అబద్ధం నేను చెప్పను. నువ్వు చేశావని కూడా చెప్పను. రేపు పొద్దున నువ్వే వెళ్ళి చెప్పు. చెప్పకపోతే...” అంది కానీ ఏం చేస్తుందో ఆమెకే తెలియలేదు. “చెప్పకపోతే నీ మొహం చూసి మాట్లాడలేను.”

ఆ సాయంత్రం నుంచి పొద్దుటిదాకా పంతులమ్మకు మనసు మనసులో లేదు. చిట్టి చెబుతుందా? లేక తనకన్నా ముందు వెళ్ళి ఇంకో కథ అల్లుతుందా? అలా అనుకున్నందుకు తన మీద తనకే అసహ్యం వేసింది, అయినా అనుకోకుండా ఉండలేకపోయింది.

చిట్టి చెప్పింది. ఆఫీసు తెరవగానే బ్రహ్మాండంగారి గదిలోకి వెళ్ళి, తలుపు కూడా వేయకుండా, ఉన్నదున్నట్టు చెప్పేసింది. ఆయన కేకలేయలేదు. యంత్రం దారులు మార్చే అధికారం ఆమె నుంచి తీసేసి, ఆమె పనిని ఇంకొకరు సరిచూసే ఏర్పాటు చేశాడు. అంత సాఫ్ట్‌వేర్ రాసిన మనిషికి అది చిన్న అవమానం కాదు. పాఠం చూడడానికి వచ్చే పెద్దల రాక వాయిదా పడింది.

తరవాత పంతులమ్మను పిలిచాడు. “మిమ్మల్ని తీసేద్దామనుకున్న మాట నిజమే” అన్నాడు. “మీరు నన్ను దొంగ అనుకున్న మాటా నిజమే. చెల్లుకు చెల్లు. ఇప్పుడు పాఠం ఏం చేద్దాం?”

“మొదటి పేజీలోనే మురికి పెడదాం” అంది పంతులమ్మ. “ఆ మందుల షాపు ఆవిడ మూసేసింది యంత్రాన్ని చూసి బెదిరి కాదండీ. మనం శుభ్రమైన అంకెలు చూపించి, ఆవిడకే బుర్ర లేదన్నట్టు చేశాం.”

ఆయన గడ్డం గోక్కున్నాడు. బ్రహ్మాండం అనలేదు. “రాయండి, చూద్దాం” అన్నాడు.

కొత్త పాఠం ఇలా మొదలైంది: ‘మీ అంకెలూ నా అంకెలూ ఒకటి కావు. కాకూడదు కూడా. జోడీ తప్పిన నాణేలు కనిపిస్తే కంగారు పడకండి, మీరేమీ తప్పు చేయలేదు. ఒక్కటి కూడా తప్పకపోతే మాత్రం నాకు కబురు చేయండి.’ ఆ తరవాతే నకలుదీ అసలుదీ పక్కపక్కన నడిపించి, తేడా ఎక్కడి నుంచి వస్తుందో చెప్పింది. చిట్టి తీసిన దారినే పాఠంలో పెట్టిందని ఆఫీసులో ఒకరిద్దరు నవ్వుకున్నారు. పంతులమ్మ పట్టించుకోలేదు. మందుల షాపు ఆవిడ కూడా మళ్ళీ కూర్చుని, ఈసారి రెండో పాఠం దాకా వెళ్ళింది.

ఇంట్లో మాత్రం అంత తేలిగ్గా చల్లబడలేదు. భర్త కొన్నాళ్ళు ముభావంగా తిరిగాడు. “ఇంటి పిల్లని ఆఫీసులో తలవంచుకునేలా చేశావు” అన్నాడు ఒకసారి.

“మీ లిఫ్టు తీగ తెగబోతోందని తెలిసి, మీ మనిషి తలుపుకు రంగేసి పోతే ఏం చేస్తారు?”

ఆయన చెప్పులేసుకుని బయటికి పోయాడు. కానీ ఆ తరవాత ఆ మాట ఎత్తలేదు.

పంతులమ్మలో అనుమానం కూడా ఎక్కడికీ పోలేదు. రోజూ ఆఫీసుకు రాగానే ఒకసారి ప్రోగ్రాం నడిపి, మురికి ఉందో లేదో చూసుకుని, అప్పుడు టీ తాగేది. ఒకరోజు తక్కువ వస్తే స్వెటర్ బాబాయి దగ్గరికి వెళ్ళి పీపా మూత ఉందో లేదో చూసి వచ్చింది.

ఒక ఆదివారం చిట్టి ఇంటికి వచ్చింది. అంతకుముందు వచ్చేది కానీ హాల్లో అన్నయ్యతో మాట్లాడి వెళ్ళిపోయేది. ఈసారి తిన్నగా లోపలికి వచ్చి, ల్యాప్‌టాప్ మంచం మీద పెట్టింది.

“మూడో పాఠానికి ఒక ప్రోగ్రాం రాశాను. ఒకసారి చూడు వదినా.”

పంతులమ్మ కళ్ళజోడు పెట్టుకుని చూసింది. ప్రోగ్రాం ముచ్చటగా ఉంది. ఫలితం కూడా బాగానే ఉంది, కాస్త మురికితో. నోటి దాకా వచ్చిన ప్రశ్న ఆపుకుందామనుకుంది కానీ ఆగలేదు.

“ఇది ఎక్కడ నడిపావు?”

చిట్టి మొహం చిన్నబోయింది. లేచి వెళ్ళిపోతుందేమో అనుకుంది పంతులమ్మ. వెళ్ళలేదు. ల్యాప్‌టాప్ వదిన వైపు తిప్పింది.

“నువ్వే నడిపి చూడు. నీ అకౌంటులోనే.”

పంతులమ్మ మొహమాటపడలేదు. తన పేరుతో లోపలికి వెళ్ళి, అసలు యంత్రం ఎంచుకుని, పంపింది. ఆదివారమైనా క్యూ పెద్దదిగానే ఉంది. వీళ్ళ ముందు చాలామంది ఉన్నారని తెర చెప్పింది. చిట్టి మంచం మీద కాళ్ళు ముడుచుకుని పక్కన కూర్చుంది. దిండు ఒకటి వదిన వీపు వెనకకు నెట్టింది.

“చాలాసేపు పడుతుంది వదినా.”

“పట్టనీ” అంది పంతులమ్మ.